ఉప్పాడకి రండి, రిసార్ట్ అడక్కండి



టెక్సాస్‌లో ఉంటున్న మా భాంజా పెళ్లాం పిల్లలతో డిసెంబర్ సెలవుల్లో కాన్‌కూన్ వెళ్లొచ్చాడు. మెక్సికోలో, కరీబియన్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు అది. మూడు రోజులపాటు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపు నిండా అవే ఫోటోలు. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, అందరి చేతులకీ ప్లాస్టిక్ పట్టీలు. ఆ పట్టీ ఉంటే తిండి, ఈత కొలను, పిల్లల ఆటలు అన్నీ ముందే కట్టేసిన డబ్బులోనేనట. "హోటల్ గేటు దాటాల్సిన జరూరత్ కూడా పడలేదు ఖాలా" అని రాశాడు.

వాడు తారీఫ్‌గానే రాశాడు. నాకు మాత్రం ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అంత దూరం పోయి, ఆ ఊరివాళ్ల వీధిలో ఒక్కసారైనా నడవకుండా తిరిగొస్తే చూసింది ఏ ఊరిని?

మా పిల్లలకి ఇదేం పట్టలేదు. "మనకీ సమందర్ ఉంది కదా అమ్మీ, ఎప్పుడు తీసుకెళ్తారు?" అని రోజూ సతాయింపు. రాజమండ్రిలో పుట్టిన పిల్లలకి గోదారి అంటే లోకువ, సముద్రం అంటే మోజు. సరే, ఈద్ అయిన రెండు వారాలకి శనివారం బయల్దేరాం. మేమిద్దరం, పిల్లలు, మా ఆడపడుచు, ఆమె కూతుళ్లు. రాత్రి కాకినాడలో బస, ఆదివారం ఉప్పాడ.

ఈ ప్రయాణం సంగతి చెప్పగానే తెలిసిన బహెన్లు ముగ్గురు నలుగురు ఒకటే అడిగారు. "ఉప్పాడ సముద్రం మీదే ఫ్యామిలీతో దిగేలాంటి పెద్ద రిసార్టులు ఎందుకు రావడంలేదు? వస్తే ఎంత బావుణ్ను!" నా రాయ్ దానికి పూర్తిగా ఉల్టా. రాకూడదనే నా దువా. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వెళ్లేటప్పుడు సామర్లకోట దాటాక తిన్నగా కాకినాడ పోకుండా పిఠాపురం వైపు తిప్పించాను. మా వారు గొణిగారు, చుట్టు అవుతుందని. పిల్లలకి ఉమర్ అలీషా గారి ఊరు చూపించాలని నా జిద్. 1885లో పుట్టి 1945లో పోయిన ఆ మనిషి తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలని ఫార్సీ నుంచే తెలుగులోకి తెచ్చారు. కేంద్ర శాసనసభ సభ్యుడిగా కూడా పనిచేశారు. ఆయన పీఠం ఇప్పటికీ పిఠాపురంలో ఉంది, దాని మురీదుల్లో హిందువులు బోలెడంతమంది. పీఠం పద్ధతుల మీద మనవాళ్లలో ఇఖ్తిలాఫ్ ఉంటే ఉండొచ్చు, ఆ బహస్ ఇక్కడ వద్దు. నేను పిల్లలకి చెప్పాలనుకున్నది ఒక్కటే. "ముస్లింలకి ఇంత మంచి తెలుగు ఎలా వచ్చు?" అని బళ్లో ఎవరైనా మిమ్మల్ని వింతగా చూస్తే, మీ ఇంటికి రెండు గంటల దూరంలోనే జవాబు ఉందని. మా చిన్నది "ఈయన మాకు పుస్తకంలో ఎందుకు లేరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కారెక్కాం.

కాకినాడ రిసార్ట్ గురించి ఎక్కువ చెప్పను, పేరు అసలే చెప్పను. గదులు సాఫ్‌గా ఉన్నాయి. ఈత కొలను మాత్రం పిల్లలు దూరం నుంచే చూశారు. ఈత బట్టలు వేసుకుంటేనే దిగాలట. బుర్ఖా సంగతి సరే, సల్వార్ కమీజ్‌తో కూడా దిగనివ్వరట. మా ఆడపడుచు కూతుళ్లిద్దరూ గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టారు. అక్కడి కుర్రాడు వచ్చి అది కూడా వద్దన్నాడు. వాడి ఖసూర్ ఏం లేదు, పైవాళ్ల హుక్మ్. పొద్దున్న రెండు గదుల బిల్లు 13,200 వచ్చింది. కట్టేశాం. ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఫజర్ కాగానే బీచ్ రోడ్డు పట్టుకున్నాం. కాకినాడ దాటాక కాసేపు సముద్రం కుడిపక్కన శాంతంగానే ఉంటుంది. ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అలలకి అడ్డం. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో తయారైన దిబ్బ అది, దాదాపు 16 కిలోమీటర్ల పొడవు. దాని నీడ దాటి ఉప్పాడ దగ్గరకొచ్చేసరికి సముద్రం రంగు మారుతుంది, గొంతు మారుతుంది. రోడ్డుకీ నీళ్లకీ మధ్య రాళ్ల గోడ తప్ప ఏమీ లేదు. అల వచ్చి రాళ్లకి కొట్టుకుని రోడ్డు మీదకి చిమ్ముతుంది. పిల్లలు కారు అద్దాలు దించి కేకలు. నాకు మాత్రం ఖౌఫ్.

ఒక మాట నసీహత్‌గా తీసుకోండి. ఆ రాళ్ల మీద ఫోటోల కోసం ఎక్కకండి. పోటు ఎప్పుడు ఎక్కువుంటుందో తెలుసుకోవడానికి మనకి వేరే క్యాలెండర్ అక్కర్లేదు, ఇస్లామీ తారీఖు చూసుకుంటే చాలు. చాంద్ కనబడిన రోజుల్లో, 14, 15 తారీఖుల చుట్టుపక్కల, అంటే అమావాస్యకీ పౌర్ణమికీ, సముద్రం బాగా పొంగుతుంది. మేం వెళ్లింది సరిగ్గా షవ్వాల్ నిండు చందమామ రోజుల్లోనే. ఇంట్లో ఎవరికీ ఆ ఖయాల్ రాలేదు.

ఇసుక ఉన్నచోట ఆగాం. అక్కడ ఆడవాళ్లందరం బుర్ఖాలతోనే మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డాం. మా ఆడపడుచుకి యాభై ఏళ్లు, అల వచ్చి నిలువునా తడిపేస్తే చిన్నపిల్లలా పకపకా నవ్వింది. పక్కన చీర కుచ్చిళ్లు దోపుకున్న ఏదో ఊరి ఆడవాళ్లు కూడా అలాగే తడిసి నవ్వుతున్నారు. ఎవరూ మమ్మల్ని ఏ బట్టల్లో దిగారని అడగలేదు. నిన్న కొలను గట్టున కూర్చోనివ్వని పిల్లలిద్దరూ ఈరోజు ఎంత తడిశారంటే, కారు సీట్లు ఆరడానికి రెండు రోజులు పట్టింది.

తిండి గురించి మనవాళ్లకి ఎప్పుడూ ఫికర్ కదా, హలాల్ దొరుకుతుందా అని. సముద్రపు ఒడ్డున ఆ ఫికర్ లేదు. సముద్రంలో ప్రయాణించేవాళ్లు కొందరు, మా దగ్గర మంచినీళ్లు తక్కువ, సముద్రపు నీళ్లతో వజూ చేయొచ్చా అని అడిగితే, దాని నీరు పాక్, అందులో చచ్చింది హలాల్ అని రసూలుల్లాహ్ (స) చెప్పిన హదీస్ మనకి తెలిసిందే. చేపకి జబహ్ అక్కర్లేదు. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరాయి. వంజరం, చందువా, కానాగడతలు గంపల్లో మెరుస్తున్నాయి. వంజరం కొని, అక్కడే పొయ్యి పెట్టుకున్న ఒకమ్మకిస్తే ముక్కలు కోసి కారం పట్టించి వేయించి పెట్టింది. రొయ్యలు కూడా ఉన్నాయి గానీ, హనఫీలకి రొయ్య జాయిజా కాదా అని మా వారికీ వాళ్ల చెల్లెలికీ పెళ్లిళ్లలో మొదలయ్యే బహస్ ఇక్కడా మొదలైంది. వాళ్లు తేల్చేలోపు పిల్లలు రొయ్యలన్నీ తినేశారు.

వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. సరిగ్గా మనకి సెలవులున్నప్పుడు వాళ్లకి రిజ్క్ తలుపు సగం మూసుకుపోయి ఉంటుంది. ఆ రోజుల్లో వచ్చి "ఇంతేనా చేపలు, ఇంత ఖరీదా" అని మొహం చిట్లించకండి.

జుహర్ నమాజ్ సరుగుడు చెట్ల నీడలో చదివాం. ఖిబ్లా పడమర కదా, సముద్రం తూర్పున. అంటే ఉప్పాడ ఒడ్డున నమాజ్‌కి నిలబడితే సముద్రం వీపు వెనక ఉంటుంది. కనబడదు, చప్పుడు మాత్రం దగ్గరగా వినబడుతూ ఉంటుంది. సజ్దాలో నుదురు నేలకి ఆనిస్తే అల కొట్టినప్పుడల్లా మట్టి అదురుతున్నట్టే అనిపించింది. ఈ ఊరివాళ్లు రోజూ రాత్రి ఈ చప్పుడు వింటూనే పడుకుంటారు.

ఆ చప్పుడు ఉత్తిది కాదు. ఇళ్లు, గుళ్లు, రోడ్లు, తాటితోపులు కొన్ని దశాబ్దాలుగా ఇక్కడ ఒక్కొక్కటే సముద్రంలోకి పోతున్నాయి. ఇసుక నింపిన జియోట్యూబ్‌లు వేశారు, అవీ చిరిగిపోయాయి. రాళ్లు పోశారు, పోస్తూనే ఉన్నారు. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. తుఫాను వెళ్లిన మర్నాడు ఉప్పాడ ఒడ్డున జనం ఇసుక జల్లెడ పడుతూ కనబడతారు. బంగారం కోసం. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత ఈ సంగతి టీవీల్లో కూడా చూపించారు. చిన్న చిన్న బంగారు పూసలు, రవ్వలు దొరుకుతాయి. పాతకాలంలో మునిగిపోయిన ఇళ్లవి, గుళ్లవి అంటారు అక్కడివాళ్లు. ఎవరి నానమ్మదో ముక్కుపుడక, ఎవరి పెళ్లినాటి గొలుసో. భూమ్మీద తిరగండి, మీకంటే ముందున్నవాళ్ల అంజామ్ ఏమైందో చూడండి అని ఖురాన్ మనకి ఎన్నో చోట్ల చెప్తుంది కదా. మనం ఆ ఆయత్‌లు చదివి ఆద్, సమూద్ జాతులనే తలుచుకుంటాం. జల్లెడ పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని తలుచుకోం.

ఈ కోత ఎందుకంటే ఒక్క కారణం కాదు. మన తూర్పు తీరం వెంబడి ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. హోప్ ఐలాండ్, పోర్టు కోసం కట్టినవి, తవ్వినవి దాని దారిని మార్చాయి. పైన నదుల మీద కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి, గోదారి సముద్రానికి తెచ్చి ఇచ్చే ఇసుకే తగ్గిపోయింది. అలలు మాత్రం తమ పని తాము చేస్తూనే ఉంటాయి. ఇచ్చేది తగ్గి తీసుకునేది తగ్గకపోతే ఏ ఇల్లైనా అంతే కదా.

ఇప్పుడు మళ్లీ మా భాంజా ఫోటోల దగ్గరికి వస్తాను. కాన్‌కూన్ పాత ఊరు కాదు. 1970 ముందు అక్కడ కొబ్బరి తోట, కొద్దిమంది పనివాళ్లు. మెక్సికో ప్రభుత్వం టూరిస్టుల కోసమే కట్టిన నగరం అది. సముద్రానికీ చెరువులాంటి ఉప్పునీటి మడుగుకీ మధ్య ఉన్న సన్నటి ఇసుక దిబ్బ మీద వరసగా హోటళ్లు లేపారు. ఇసుకని పట్టుకుని ఉండే మొక్కలు, మడ చెట్లు పోయాయి. 2005 అక్టోబర్‌లో విల్మా తుఫాను వచ్చి ఆ బీచ్ ఇసుకని ఊడ్చేసింది. సముద్రం అడుగు నుంచి ఇసుక పంపులతో తోడి పోశారు. అదీ నిలవలేదు, 2009, 2010 ప్రాంతంలో మళ్లీ పోశారు. మా భాంజా పిల్లలు గూళ్లు కట్టుకున్న ఆ తెల్లటి ఇసుక కొంతవరకు కొనుక్కున్న ఇసుకే. ఇక ఆ గదులు తుడిచేవాళ్లు, వంటవాళ్లు? ఎక్కువమంది ఉండేది హోటళ్ల వరసకి దూరంగా, లోపలి బస్తీల్లో. పట్టీ కట్టుకున్నవాళ్లకి అవి కనబడవు.

అంత దౌలత్ ఉన్న చోటే ఇసుక నిలబడకపోతే, రోడ్డునే నిలబెట్టుకోలేకపోతున్న ఉప్పాడ ఒడ్డున మనం గోడలు అడుగుతున్నామా? రిసార్ట్ వస్తే ముందు దానికోసం రాళ్లు వేస్తారు. ఒకచోట గట్టిగా గోడ కడితే అల పక్కకి పోయి పక్కవాడి ఇంటిని కొరుకుతుంది. ఆ పక్కవాడు ఎవరు? పొద్దున్న నాకు వంజరం అమ్మిన మనిషి. పైగా గోడ లోపల మన పిల్లలు ఏ బట్టల్లో నీళ్లలో దిగాలో మళ్లీ వేరేవాళ్లు చెప్తారు.

ఇక మగ్గం సంగతి.

జామ్‌దానీ అనే మాట ఫార్సీ నుంచి వచ్చింది. ఢాకా ముస్లిం జులాహాల చేతుల్లో, మొఘల్ దర్బార్ల ఆదరణలో పెరిగిన హునర్. బంగ్లాదేశ్ జామ్‌దానీని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఉప్పాడ నేతగాళ్లు ముందు నూలు చీరలకి పేరు. 1980ల చివర్లో ఘనశ్యాం సరోదే అనే డిజైనర్ ఇక్కడివాళ్లతో జామ్‌దానీ పద్ధతి మొదలుపెట్టించారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 2009లో, ఉప్పాడ జామ్‌దానీకి జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఢాకా హునర్, ఫార్సీ పేరు, ఇక్కడి హిందూ నేతగాళ్ల చేతులు, కట్టుకునేది మన నికాహ్‌లో మన అమ్మాయి. ఇంతకంటే పెద్ద రిష్తా ఏముంటుంది?

ఒక ఇంట్లో కూర్చోనిచ్చారు. గుంట మగ్గం. భార్యాభర్తలు పక్కపక్కన. పడుగు మీద ఒక్కో బుటాకి ఒక్కో చిన్న కండె. నాడె ఒకసారి ఇటు నుంచి అటు పోతుంది, తర్వాత ఇద్దరూ వేళ్లతో ఒక్కో బుటా దగ్గర పోగులు ఎత్తి జరీ కండె దూర్చి మళ్లీ వదులుతారు. మళ్లీ నాడె. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు, నేను చెప్పకుండానే. గంట కూర్చున్నాం. గంటలో పెరిగిన నేత నా నాలుగు వేళ్ల మందం కూడా లేదు.

"ఎన్ని రోజులండీ ఈ చీర?"

"ఇది చిన్న బుటా కదమ్మా, ఇద్దరం కూర్చుంటే ఇరవై రోజులు. ఎవరికైనా జొరం వచ్చిందంటే నెల."

ఆమె చీరని తిరగేసి చూపించింది. వెనకవైపు కూడా బుటా శుభ్రంగా ఉంది, పోగులు తేలి వేలాడటం లేదు. ఉప్పాడ అని చెప్పి మరమగ్గం చీరలు అమ్మేవాళ్లు చాలామంది, అందుకే వెనక చూసి కొనుక్కోవాలని చెప్పింది.

ఇక్కడ నా గునాహ్ ఒకటి చెప్పుకోవాలి. ఆరేళ్ల కింద మా పెద్దమ్మాయి నికాహ్ చీర ఇదే ఊళ్లో కొన్నాను. 17,000 చెప్పారు. రెండుసార్లు లేచి వెళ్లిపోయినట్టు నటించి, బండి దాకా వెళ్లి, 13,500కి తెచ్చాను. ఆ కహానీ ఎన్ని దావత్‌లలో చెప్పుకున్నానో! బేరం చేయడం హరామ్ కాదు, నాకు తెలుసు. కానీ ఆరోజు ఆ మగ్గం పక్కన కూర్చుని ఉంటే నోరు రాదు. ఆయన్ని అడిగాను, "చీర మీద మేం మూడున్నర వేలు తగ్గిస్తే అది ఎవరి వాటాలో పోతుందండీ?"

ఆయన నాడె ఆపలేదు. "షావుకారు లెక్క ఆయనకి ఉంటదమ్మా. పట్టు ధర ఎవరూ తగ్గించరు, జరీ ధర తగ్గించరు. ఎక్కడో చోట తగ్గాలి కదా" అన్నాడు.

మజ్దూర్ చెమట ఆరకముందే కూలీ ఇచ్చేయాలన్న హదీస్ మన ఇళ్లలో మేస్త్రీలకీ పనమ్మాయిలకీ వర్తింపజేస్తాం. చీరకి వర్తింపజేయం. దుకాణదారుతోనే మాట్లాడాం కాబట్టి మజ్దూర్ మనకి కనబడలేదు, అంతే.

బయటికొచ్చాక మా రెండో అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, లెక్కలంటే ఇష్టం, అంది: "అక్క నికాహ్ చీరకి ఎంతిచ్చావో, నిన్న రాత్రి మనం పడుకున్నదానికి దాదాపు అంతే ఇచ్చాం అమ్మీ. అక్కడ నువ్వు బేరం కూడా చేయలేదు." నిజమే. రిసార్ట్ కౌంటర్ దగ్గర బేరం చేయడం నాకు నామోషీ అనిపించింది. ఇద్దరు మనుషుల నెల రోజుల మెహనత్ దగ్గర అనిపించలేదు.

కాబట్టి నా సలహా. ఉప్పాడకి పొద్దున్నే రండి, సాయంత్రానికి తిరిగిపోండి. పడుకోవడానికి కాకినాడ ఉంది, మామూలు హోటల్ చాలు, కోటయ్య కాజా కూడా అక్కడే దొరుకుతుంది. ఒకరోజు ఎక్కువ ఉంటే కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద పిల్లల్ని నడిపించండి. తీరాన్ని పట్టుకుని ఉండేవి గోడలు కావు, ఆ వేళ్లు అని చూస్తే అర్థమవుతుంది. మిగిలిన రిసార్ట్ డబ్బు పడవల దగ్గరా మగ్గాల దగ్గరా ఖర్చు పెట్టండి.

మళ్లీ లోపలికి వెళ్లాను. మా రెండో అమ్మాయికి దుపట్టా చెప్పాను. ఆకుపచ్చ మీద చిన్న చిన్న బుటాలు, అదే రంగు కావాలని అదే ఎంచుకుంది. ధర చెప్పారు. మా వారు అలవాటుగా నా మొహం చూశారు. పూర్తి రఖం ఇచ్చేశాను. బక్రీద్ లోపు అయిపోతుందన్నారు. వచ్చి తీసుకెళ్తాం, బీచ్ రోడ్డు మీదనుంచే వస్తాం అన్నాను.

"అప్పటికి ఆ రోడ్డు ఎలా ఉంటదో చెప్పలేమమ్మా" అంది ఆమె, కండె చుట్టుకుంటూ. "కొత్తపల్లి మీంచి రండి."